విత్తనాల సీసా మీద పేరు

మా తాళాల కొట్టుకి వచ్చేవాళ్ళలో సగం మంది తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు, మిగతా సగం పోగొట్టుకుంటామేమోనని భయపడేవాళ్ళు. వాళ్ళు కూర్చునే బల్ల మీద కాలక్షేపానికి కొన్ని పాత పత్రికలు పడేసి ఉంచుతాను. వాటిలో ఒకదాన్ని మాత్రం బోర్లా పెడతాను. ఎవరైనా తిరగేసి చూస్తే, వాళ్ళు లేవగానే మళ్ళీ బోర్లిస్తాను.

దాని అట్ట మీద పాచికలు వరసగా పేర్చినట్టు ఒక బొమ్మ ఉంటుంది. "ఏంటమ్మా ఇవి, పంచదార బిళ్ళలా?" అని అడుగుతారు జనం. కాదు బాబూ, అది మా అక్క కష్టం. కానీ లోపలి పేజీల్లో తన పేరు భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. ఉత్తమాట కాదు, నిజంగానే వెతికాను. తాళంచెవుల పళ్ళు అరిగాయో లేదో చూసుకోవడానికి మా కొట్లో భూతద్దం ఎప్పుడూ ఉంటుంది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అంటాడు మా బావ, అంటే అక్క మొగుడు. ఆయన బస్సు డ్రైవరు, రోజంతా తిట్లు తిని తిని శాంతమూర్తి అయిపోయాడు. నిజమే, కందకి లేదు. అందుకే ఆ దురదంతా నాకొచ్చింది. ఎవరో ఒకరు గోక్కోవాలి కదా.

మా అక్క నోట్లో వేలు పెట్టినా కొరకని రకం. చిన్నప్పుడు నేను తన జడ పట్టుకుని వేలాడితే "ఒసేయ్, నొప్పే" అనేదే కానీ చెయ్యెత్తేది కాదు. రసాయనశాస్త్రం చదివింది, డాక్టరేటు తెచ్చుకుంది, పెద్ద పరిశోధనశాలలో చేరింది. నేను స్కూలు దాటగానే పెళ్ళి చేసుకుని మా మామగారి కొట్లో ఆకురాయి పట్టుకున్నాను. ఇద్దరం లోహాలతోనే బతుకుతున్నాం అని నవ్వేది తను. నావి చేతికి తగులుతాయి, తనవి కంటికి కూడా కనపడవు, అంతే తేడా.

తన పనేమిటో ఒకసారి మా వంటింట్లో గిన్నెలు తోముతూ చెప్పింది. వెంట్రుకని నిలువునా వేల పోగులుగా చీలిస్తే వచ్చే ఒక్క పోగంత లేని బంగారపు రేణువులు చేస్తారట. వాటిని విత్తనాలంటారు. నీళ్ళలో బంగారపు ఉప్పు, సబ్బులాంటి పొడి ఒకటి కలిపి, మంచులో చల్లబరిచిన ఇంకో మందు ఒక్క ఊపున పోస్తే, పసుపుపచ్చ నీళ్ళు కళ్ళముందే టీ రంగుకి తిరుగుతాయి. ఆ రంగంతా విత్తనాలే. వాటిని పల్లేడియం అనే ఇంకో లోహం కరిగిన నీళ్ళలో వేసి, నిమ్మకాయలో ఉండే విటమిన్ లాంటిది చుక్క చుక్కగా పోస్తూ ఉంటే, పల్లేడియం వచ్చి ఒక్కో విత్తనం చుట్టూ పొరలు పొరలుగా కూర్చుంటుంది. తొందరపడితే ఎక్కడ పడితే అక్కడ పేరుకుపోయి బంగాళదుంపలు తయారవుతాయి. నిదానంగా పోస్తే ఆరు ముఖాల పాచికలు వస్తాయి.

"పాచికలైతే ఏంటి, దుంపలైతే ఏంటి?" అన్నాను.

"ఆకారాన్ని బట్టే పని. బండి పొగలో విషం ఉంటుంది చూడు, అది ఈ ముఖాల మీద వాలితేనే విరుగుతుంది. గుండ్రటి వాటి మీద అంత బాగా విరగదు. లోపల బంగారం ఉంది కాబట్టి పైనున్న పల్లేడియం పనితనం ఇంకా పెరుగుతుంది."

"అయితే ఆ నిదానంగా పోసేవాడే గొప్పోడన్నమాట."

గిన్నె పక్కన పెట్టి నా వైపు చూసింది. "కాదే. విత్తనంలో అమరిక సరిగ్గా లేకపోతే బ్రహ్మదేవుడొచ్చి పోసినా పాచిక రాదు. కొన్ని విత్తనాలు లోపలే రెండు ముక్కలు అతుక్కున్నట్టు పుడతాయి. వాటి మీద ఏం పెంచినా వంకరే. ఏ విత్తు వేస్తే ఆ మొక్కే కదా."

ఆ విత్తనాలు చేసేది మా అక్క. ఆ ల్యాబులో అందరికీ తనే చేసిచ్చేది. విత్తనాలు నిలవ ఉండవు. కాస్త ఆగితే ఒకదానికొకటి అంటుకుని లావైపోతాయి. అందుకే పొద్దున్నే, ఇంకా ఊడ్చేవాళ్ళు కూడా రాకముందే వెళ్ళి, గాజు సీసాలన్నీ కడిగి, ఆ రోజుకి కావలసినంత తాజాగా చేసి వరసగా పెట్టేది. తొమ్మిది దాటాక ఒక్కొక్కరూ కాఫీ కప్పులతో వచ్చి ఎవరి సీసా వాళ్ళు పట్టుకుపోయేవాళ్ళు. పాలసీసా పట్టుకెళ్ళినట్టే. పాలాయన్నయినా పేరు పెట్టి పిలుస్తారు, తనని విత్తనాలక్కా అని పిలిచేవాళ్ళు. తనకది ముద్దుగా ఉండేదిట! నాకు ఒళ్ళు మండేది.

ఎందుకంటే ఆ ల్యాబులో ఒక ఆచారం ఉంది. ఏ సీసా మీదైనా చేసినవాళ్ళ పేరు రాసి చీటీ అంటిస్తారు, ఒక్క విత్తనాల సీసాల మీద తప్ప. వాటి మీద తేదీ ఉంటుంది, అంతే. పైపొర పెంచినవాడి పేరు సీసా మీద ఉంటుంది, ఆ సీసా మీదున్న పేరే తర్వాత పరిశోధనల పత్రికలో వేసే పేపరు మీదికి ఎక్కుతుంది. విత్తనాలు చేయడమంటే వాళ్ళ లెక్కలో సీసాలు కడగడంలో ఒక భాగం. పేపరు చివర ఒక మూల "సహకరించిన ల్యాబు సిబ్బందికి కృతజ్ఞతలు" అని ఉంటుంది చూశారూ, అందులో మా అక్కా, నేల తుడిచే ఫినాయిలూ సమానంగా ఉంటాయి. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా!

ఆ సోకు చేసుకునేవాడు అక్కడొకడున్నాడు. మా అక్క కంటే బాగా చిన్నవాడు, ఆ ల్యాబులోనే పైపొరలు పెంచుతాడు. పని తక్కువా, మాట ఎక్కువా. సభల్లో లేచి అరగంట దంచితే పక్క గదిలో నిద్రపోయేవాడు కూడా లేచి చప్పట్లు కొట్టాలి. అందరూ మైకు అని పిలుస్తారు, వాడికీ అది ముద్దే. వాడి మీద కోపం నాకు తర్వాత వచ్చింది. మొదట వచ్చింది ఆ ల్యాబుకి పెద్దాయన మీద. అందరూ పెద్దసారు అంటారు. మా అక్క ఆయన దగ్గరే డాక్టరేటు చేసింది. ఆ తర్వాత ఏటికేడు పొడిగించే తాత్కాలిక ఉద్యోగంలో ఉంచి, "వచ్చే పేపర్లో నీ పేరే మొదట వేద్దాంలేమ్మా" అంటూ వచ్చాడు. ఎన్ని "వచ్చే"లు వచ్చిపోయాయో ఆయనకే తెలియాలి.

అలాంటిది ఒక ఏడాది నిజంగానే అవకాశం వచ్చింది. ఆ ల్యాబులో ఒక ఉద్యోగం శాశ్వతం చేస్తామన్నారు. మంచి పత్రికలో మొదటి పేరుతో ఒక పేపరుంటే చాలు, ఉద్యోగం వాళ్ళదే. సరిగ్గా అప్పుడే మా అక్క ఒక కొత్త సంగతి కనిపెట్టింది. అతుకుపడి పుట్టిన విత్తనాల్ని నెమ్మదిగా కరిగిపోయేలా చేసి, ఒకే అమరికతో పుట్టినవి మాత్రం మిగిలేలా చేసింది. అన్నీ ఒక్కలాంటి విత్తనాలే కావడంతో, వాటి మీద పెంచితే అన్నీ పాచికలే వచ్చాయి. దుంపలే లేవు. పోయడం కూడా తనే పోసింది మొదటిసారి. మైక్రోస్కోపులో కూడా తనే కళ్ళారా చూసిందట. మా కొట్టుకి పరిగెత్తుకొచ్చి, ముందు తాళంచెవుల కోసం నిలబడ్డవాళ్ళని కూడా చూడకుండా "ఒసేయ్, అన్నీ పాచికలే! ఒక్కటి కూడా వంకర లేదే!" అని నా భుజాలు పట్టి ఊపేసింది. వచ్చినవాళ్ళు ఏదో జూదంలో గెలిచిందనుకున్నారు.

పెద్దసారు చూశాడు, మెచ్చుకున్నాడు. "ఇక పెంచడం మైకుకి అప్పజెప్పు. వాడి చెయ్యి అలవాటుపడింది. నువ్వు విత్తనాలు చూసుకో" అన్నాడు. మా అక్క గంగిరెద్దులా తలూపింది. మైకు తను ఇచ్చిన విత్తనాలతోనే, తను చెప్పినట్టే పోసి, సీసాల మీద తన పేరు రాసుకున్నాడు. పేపరు తయారైంది. మొదటి పేరు మైకుది, చివరి పేరు పెద్దసారుది, మధ్యలో మైక్రోస్కోపు నడిపిన ఇద్దరివి. మా అక్క ఫినాయిలు పక్కకి వెళ్ళింది.

ఆ రోజు మాత్రం తను నోరు తెరిచి అడిగింది.

"సార్, విత్తనాలు నావి కదా సార్ అన్నానే."

"ఏమన్నాడు?"

"'విత్తనం చెయ్యడం పనేనమ్మా, కాదన్లేదు. కానీ అది పరిశోధన కాదు. ఆకారం ఎవరు తెచ్చారన్నదే ప్రశ్న' అన్నారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆకారం ఎవరు తెచ్చారా? లోపల కూర్చున్నది ఎవరు మరి? పైకి కనపడదు కాబట్టి లేదనుకోవాలా? తాళం తిరిగేది చెవి పిడి వల్లే అనుకునే మనిషి లాగున్నాడు.

"రేపు వాడికి పాడైపోయిన విత్తనాలివ్వు" అన్నాను. "నిన్నటివో మొన్నటివో ఇచ్చి, ఇవాల్టివే అని చెప్పు. పత్రికవాళ్ళు ఇంకోసారి చేసి చూపించమంటే బాబుగారి నోటికి తాళం పడుతుంది. అప్పుడు నీ విలువ తెలుస్తుంది."

మా అక్కకి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "నోర్ముయ్! చెడిపోయాయని తెలిసీ మంచివని ఇవ్వమంటావా? మరి నేను చేసేదానికి అర్థమేముంటుంది? పేరు లేదని పని కూడా లేకుండా చేసుకోమంటావా?" అంది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఎప్పటిలాగే తాజాగా చేసి పెట్టింది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

తర్వాత కొన్నాళ్ళకి ఆ ల్యాబు మెట్ల మీద తడి ఉండి మా అక్క జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టి, చాలా రోజులు చెయ్యి కదపకూడదన్నారు డాక్టర్లు. పడ్డరోజు పొద్దున్న చేసిన విత్తనాలు కొన్ని ఫ్రిజ్‌లో మిగిలిపోయాయి. అక్కడి మహానుభావులు ఏం చేశారో తెలుసా? వాటినే రోజూ వాడుతూ కూర్చున్నారు. విత్తనాలు నిలవుండవని ఆ ల్యాబులో అందరికీ తెలుసు. వాళ్ళ పేపర్లలోనే అచ్చయి ఉంది. ఎలా చెయ్యాలో కూడా తెలుసు. కానీ చేసేదెవరు? అది విత్తనాలక్క పని. తెల్లారకముందే లేచొచ్చి సీసాలు కడగడానికి డాక్టరేటు చదివినవాడికి నామోషీ. ఇంకొకడు చెయ్యొచ్చు కదా అని ప్రతివాడూ ఇంకొకడి మొహం చూశాడు.

పాచికలు రావడం మానేశాయి. అన్నీ దుంపలే. సరిగ్గా అప్పుడే పత్రికవాళ్ళు ఇంకో దఫా ఫలితాలు పంపమన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మైకు ఒక కథ అల్లాడు. విత్తనాలక్క పేరు లేదని అలిగి అసలు విత్తనాల్ని ఎక్కడో దాచిందట, ఫ్రిజ్‌లో పనికిరానివి వదిలిందట. ఇంటికి ఫోన్ చేశారు. "దాచడానికేం లేదు, అవి పాతబడ్డాయి, తాజాగా చేసుకోండి" అని తను చెప్పింది. నమ్మలేదు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మా కొట్టుకి వచ్చింది ఒక్క ఫోనే. "బీరువా తాళం తియ్యాలి, తాళంచెవి లేదు, అర్జెంటు" అన్నారు. ఆ ల్యాబుకి దగ్గర్లో ఉన్న తాళాల కొట్టు మాదే కాబట్టి మాకే వచ్చింది. మా అక్క ల్యాబని గుర్తుపట్టాను కానీ, ఎవరో ఏదో పోగొట్టుకుని ఉంటారులే అనుకుని పనిముట్ల సంచీ తగిలించుకుని వెళ్ళాను.

పొడుగాటి గది. వరసగా బల్లలు, వాటి మీద అయస్కాంతంతో గిర్రున తిరిగే సీసాలు, ఏదో మందు వాసన. ఒక మూల ఇనప బీరువా ముందు ముగ్గురు నలుగురు నిలబడి ఉన్నారు. దగ్గరికెళ్ళి చూస్తే బీరువాకి వేలాడుతోంది నీలం రంగు తాళంకప్ప. అది మా కొట్టుదే. మా అక్క ఆ ల్యాబులో చేరినప్పుడు నేనే ఇచ్చాను.

వాళ్ళకి నేనెవరో తెలియదు. తాళాలు తీసేదాని మొహం ఎవరు చూస్తారు? నా ముందే మాట్లాడేసుకుంటున్నారు.

"ఇందులోనే ఉంటాయి సార్. ఆవిడ తాళం వేసుకునేది ఇందుకే" అన్నాడు కాలరు సర్దుకుంటూ ఒక కుర్రాడు. ఆ గొంతు వినగానే మైకు ఎవరో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఇన్నాళ్ళు నేను పోషించాను. చూశావా బుద్ధి" అన్నాడు నెరిసిన గడ్డం పెద్దాయన. "తియ్యమ్మా తాళం."

నేను సంచీ కింద పెట్టాను. ముందు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను, ఎందుకంటే చేతిలో సుత్తి ఉంది.

"తాళం ఎవరిదండీ?"

"బీరువా ల్యాబుదే."

"బీరువా సంగతి కాదండీ, తాళం ఎవరిది?"

"ఇక్కడ పనిచేసే ఒకావిడది. సెలవులో ఉంది."

"అయితే ఆవిడ చెప్పాలి. సొంతదారు నోటితో చెప్పందే తాళం ముట్టుకోం. మా మామగారు పెట్టిన నియమం. దొంగలకీ మాకూ తేడా అదొక్కటే."

పెద్దసారు మొహం ఎర్రబడింది. "ఈ ల్యాబులో ఉన్నవన్నీ ల్యాబువే. నేను చెబుతున్నాను, తియ్యి."

"మీ ల్యాబులో పని అందరిదీ, పేరు కొందరిదీ అని విన్నాను కానీ, తాళాలు కూడా అంతేనని తెలీదండి" అన్నాను. ఇక ఆగలేదు నేను. "ఆవిడ మా అక్క. కుడిచెయ్యి విరిగి ఇంట్లో ఉంది. మీ మెట్ల మీద పడే విరిగింది. చెయ్యి ఎలా ఉందని ఒక్కరైనా అడిగారా? మీకు సీసాలే కనిపిస్తాయా, వాటిని కడిగే చెయ్యి కనిపించదా?"

నేను వాళ్ళ ముందే మా అక్కకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టాను.

"అక్కా, నీ బీరువా తాళం తియ్యమంటున్నారే. అందులో ఏదో దాచావట."

"తియ్యవే. చూసుకోనీ" అంది. మెల్లగా.

తీశాను. లోపల ఒక పాత స్వెట్టరు, గొడుగు, ల్యాబులో వేసుకునే చెప్పులు, తువ్వాలు. అడుగు అరలో శుభ్రంగా కడిగి బోర్లించిన ఖాళీ సీసాలు, తను పడిన రోజు మర్నాటికోసం సిద్ధం చేసుకున్నవి. మైకు స్వెట్టరు జేబులో కూడా చెయ్యి పెట్టి చూశాడు. ఒక దగ్గు బిళ్ళ దొరికింది.

"మరి ఏమీ లేనిదానికి తాళమెందుకు?" అన్నాడు పెద్దసారు. తప్పయిందని కాదు, క్షమించమని కాదు, అదీ ఆయన అడిగిన మాట.

"ఏమీ లేకపోయినా ఇదొక్కటే ఇక్కడ ఆవిడది కాబట్టి" అన్నాను. తాళం మళ్ళీ వేసి వచ్చేశాను.

అక్క వాళ్ళింటికెళ్ళి జరిగిందంతా చెప్పాను. బావ బస్సు హారను కొట్టినట్టు ఒక్క తిట్టు తిట్టాడు, అంత శాంతమూర్తి కూడా. మా అక్క మాత్రం కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కిటికీ వైపు చూసింది. "దాచానన్నారా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. పేపర్లో పేరు లేనప్పుడు కూడా అంత నొచ్చుకోలేదు.

మర్నాడు బయల్దేరింది. నేనూ తోడెళ్ళాను, ఒక చేత్తో బస్సెక్కలేదని. పెద్దసారు గదిలోకి వెళ్ళి తను అన్న మాట నాకు గుమ్మం బయట వినపడింది. "ఇకనుంచి ఎవరి విత్తనాలు వాళ్ళే చేసుకోవాలి సార్. నేను పక్కన కూర్చుని చెబుతాను. చెయ్యను." పెద్దసారుకి వేరే దారి లేదు, పత్రిక గడువు నెత్తిమీదుంది. సరేనన్నాడు.

అలా మైకు తెల్లారకముందే లేవడం నేర్చుకున్నాడు. మా అక్క స్టూలు మీద కూర్చుని చెబుతుంటే, వాడు కళ్ళు నులుముకుంటూ సీసాలు కడిగేవాడు. మొదటి రోజు మందు మంచులో పెట్టడం మర్చిపోయాడు. తర్వాత ఒక్క ఊపున పొయ్యాల్సింది భయం భయంగా పోశాడు, నీళ్ళు ఎర్రగా తిరిగాయి. మళ్ళీ కడిగాడు. తిట్టుకున్నాడు. మా అక్క మాత్రం, నాలాంటి దానికైతే నవ్వొచ్చేది, తను నవ్వకుండా ఓపిగ్గా చెప్పింది. "చేతిని నమ్ము, ఆగకు" అనేదట. చివరికి ఒక పొద్దున్న వాడి సీసాలో నీళ్ళు చక్కటి టీ రంగుకి తిరిగాయి. వాటి మీద పెంచితే పాచికలొచ్చాయి. వాడు గెంతాడట. మా అక్క కూడా సంతోషించింది. ఇంటికొచ్చి నాకు చెప్పేటప్పుడు కూడా మొహం వెలిగింది. "వాడి సొంత విత్తనాలే, బాగా చేశాడు" అంది. నేను పళ్ళు నూరుకున్నాను.

మర్నాడు మేం వెళ్ళేసరికి వాడు అప్పుడే తాజాగా చేసిన సీసా విత్తనాల వరసలో ముందు నిలబెట్టి ఉంది. దాని మీద ఒక చీటీ. చీటీ మీద తేదీ కాదు, మైకు పేరు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, లావు అక్షరాలతో.

ఆ ల్యాబు పుట్టినప్పట్నుంచి ఏ విత్తనాల సీసా మీదా లేని పేరు. ఎవరూ చెప్పలేదు వాడికి రాయమని. ఒక్కసారి తన చేత్తో చేసేసరికి, తనదే అని వాడికే అనిపించింది. అంటే విత్తనానికి పేరుంటుందని వాడికి తెలియక కాదన్నమాట!

మా అక్క ఆ సీసాని ఎడమ చేత్తో పట్టుకెళ్ళి పెద్దసారు బల్ల మీద పెట్టింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. "సార్, దీని మీద పేరుంది" అంది. "నేను చేసిన వాటి మీద ఒక్కదాని మీదా లేదు. పేపరు ఇంకా అచ్చుకి వెళ్ళలేదు కదా సార్."

అంతే అడిగింది. అంతకంటే పెద్ద మాట తన జీవితంలో అడగలేదు. ఇన్నేళ్ళ పొద్దులన్నీ ఆ బల్ల మీద పెట్టేసి నిలబడింది. ఆయన సీసా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తనకి న్యాయం చేస్తాడనే అనుకున్నాను నేను కూడా, దేవుడా, ఒక్క క్షణం నిజంగా అనుకున్నాను.

ఆయన బొటనవేలి గోటితో ఆ చీటీ అంచు లేపి, మెల్లగా చింపకుండా ఊడదీసి, ఉండ చుట్టి చెత్తబుట్టలో వేశాడు.

"కరెక్టేనమ్మా, తేడా ఉండకూడదు" అన్నాడు. "ఇక్కడ విత్తనాల మీద పేర్లుండవు. వాడికి చెబుతాను."

మా అక్క వెనక్కి తిరిగింది. తన బీరువా దగ్గరికెళ్ళి స్వెట్టరు, గొడుగు, చెప్పులు, తువ్వాలు తీసుకుంది. తాళం నా చేతిలో పెట్టింది. కడిగిన సీసాలు వదిలేసింది. బయటికొచ్చాక బస్టాపులో కూర్చుని ఏడ్చింది. నేను మళ్ళీ లోపలికెళ్ళి నాలుగు కడిగేస్తానంటే, లేవకుండా నా చీర కొంగు పట్టుకుని ఆపింది.

పేపరు అచ్చయింది. పాచికల బొమ్మ అట్ట మీద వేశారు. శాశ్వత ఉద్యోగం మైకుకి వచ్చింది. ఎవరికీ ఏ పాపమూ తగల్లేదు, ఎవరి నోటికీ తాళం పడలేదు. అలాంటివి కథల్లోనే జరుగుతాయి.

మా అక్క చెయ్యి అతుక్కున్నాక ఊరి చివర ఒక చిన్న కర్మాగారంలో చేరింది. బళ్ళ పొగగొట్టాల్లో పెట్టే జల్లెడలు చేస్తారు అక్కడ. వాటికి పూసే మందు కోసం ఇవే రేణువులు, ఇవే విత్తనాలు. గది ఇరుకు, మైక్రోస్కోపు లేదు, పేపర్లూ సభలూ అసలే లేవు. ఇంత చదువూ చదివి ఇక్కడా అని నేను గింజుకున్నాను.

చేరిన మొదటి రోజు సాయంత్రం తను నేరుగా మా కొట్టుకొచ్చింది. కుడిచేతి వేళ్ళ నిండా నల్ల సిరా. బల్ల మీద కూర్చుని ఆ వేళ్ళే చూసుకుంటోంది. ఏమైందే, ఎవరైనా ఏమన్నా అన్నారా అని నేను ఆకురాయి అక్కడ పడేసి ఒంటికాలి మీద లేచాను.

"లేదే. పొద్దున్నే విత్తనాలు చేశాను. సీసాలు అలమరలో పెట్టబోతుంటే అక్కడి మేస్త్రీ కేకేశాడు. 'ఏమ్మా, పేరు రాయకుండా పెడుతున్నావేంటి? రేపు సరుకు చెడిపోతే ఎవర్ని పట్టుకోవాలి?' అని సిరా కలం చేతికిచ్చాడు."

తనకి పేరిచ్చింది ఆ మాటే. గౌరవం కోసం కాదు, మెచ్చుకోలుకి కాదు, చెడితే తిట్టడానికి. అదైనా ఇచ్చారు.

"రాశావా మరి?"

"రాశాను. మొదటి సీసా మీద అక్షరాలు కుదర్లేదే, అలవాటు లేదుగా. తర్వాతవి బాగానే వచ్చాయి" అంది మా అక్క. ఆ సిరా వేళ్ళతోనే కళ్ళు తుడుచుకుంది. మొహమంతా నల్లగా అయింది. నేను కడుక్కోమనలేదు.